తెల్లకణాలు

కాళ్ళు దగ్గరగా పెట్టుకుంటే ఒక మంట, ఎడంగా పెట్టుకుంటే ఇంకో మంట. ఏది నయమో తేల్చుకోలేక టోల్ గేటు దాటినప్పటినుంచీ తొడలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూనే ఉన్నాను, మా ఆయన క్లోవిస్ కంట పడకుండా. పైగా నేను కూర్చున్న సీటుకి వేడి పెట్టాడు. బయల్దేరగానే మీట నొక్కి, "చలిగా ఉంది కదా, షా" అన్నాడు. ఈ రెండు రోజుల్లో నన్ను షా అని ముద్దుగా పిలిచింది అదొక్కసారే, అందుకే ఆపెయ్యమనడానికి నోరు రాలేదు. ఇప్పుడా వేడి కిందనుంచి పాక్కుంటూ పైకొస్తోంది, బొబ్బ మీద ఇస్త్రీపెట్టె పెట్టినట్టు. ఆపమంటే ఎందుకంటాడు. ఎందుకో చెబితే ఆ మాట మళ్ళీ మా ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంటుంది. పొగమంచులో ముందు కారు వెనకదీపాలు రెండు ఎర్రటి మరకల్లా కనబడుతున్నాయి, దాని ముందు ఏ కారుందో, ఎన్ని ఉన్నాయో తెలీదు, అన్నిటికీ ముందు వంతెన పోలీసు నీలం దీపాలు తిప్పుకుంటూ నత్తలా నడుస్తున్నాడు, వెనక మేమందరం బాతుపిల్లల్లా. కుడిపక్క గోడ కనబడుతోంది, మోకాలెత్తు కాంక్రీటు గోడ, దాని అవతల సరస్సు ఉండాలి గానీ లేదు, తెల్లగా దూది కూరినట్టు ఉంది. ఈ వంతెన మీద చిన్నప్పటినుంచీ తిరుగుతున్నాను. నీళ్ళు కనబడకుండా దాటడం ఇదే మొదటిసారి అనుకుంటాను, లేకపోతే ఇంతకుముందు కనబడకపోయినా పట్టించుకోలేదేమో. అప్పుడు పక్కన భయపడాల్సిన మనిషి లేడు కదా.

అతని కుడిచెయ్యి స్టీరింగు మీద లేదు. తొడ మీద పెట్టుకున్నాడు, దాని మీద టోపీ బోర్లించాడు. తెల్లారకముందే లేచి ట్రక్కు తీసుకుని వెళ్ళాడు, నేను దుప్పట్లోంచి ఇంజన్ చప్పుడు విన్నాను, కాఫీ పొడి అయిపోయిందేమో అనుకున్నాను. వెలుగొచ్చాక తిరిగొచ్చి వంటింట్లో నిలబడి, ఫ్రీజరులోంచి బెండకాయ ముక్కల సంచీ తీసి చెయ్యి దాన్లో దూర్చుకున్నాడు. ఏమైందంటే జాకీ జారిందన్నాడు. టైరు బాగానే ఉంది, నేను చూశాను, నాలుగు టైర్లూ బాగానే ఉన్నాయి, వాటి మీద మంచుతడి కూడా ఒకేలా ఉంది. జాకీ జారితే వేళ్ళ మీద పడుతుంది గానీ కణుపుల మీద వరుసగా తోలెందుకు లేస్తుంది? అడగలేదు. బెండకాయల సంచీ మళ్ళీ ఫ్రీజరులో పెట్టేశాడు. రేపు గంబో పులుసు చేస్తే ఆ ముక్కలే వెయ్యాలి అనుకున్నాను, ఎంత పిచ్చి ఆలోచనో. స్నానం చేసి శుభ్రమైన చొక్కా వేసుకుని, "పద, ఆ డాక్టరమ్మ నోటితోనే వింటాను, నీ నోటితో కాదు" అన్నాడు. నా ఫోను తీసి తన జేబులో వేసుకున్నాడు. ఫోను సంగతి ఎత్తలేదు నేను. పోయిన వసంతంలో పాత ఫోనుకి పట్టిన గతి గుర్తుంది. పెరట్లో క్రాఫిష్ రొయ్యలు ఉడుకుతుంటే, వాళ్ళమ్మా అన్నదమ్ములూ అందరూ బీర్లు పట్టుకుని చుట్టూ నిలబడి ఉంటే, నాకేదో మెసేజ్ వచ్చి టింగుమంది. అతను నవ్వుతూనే నా చేతిలోంచి తీసుకుని కుతకుతలాడే కుండలో వేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు ఆ క్రాఫిష్ తిన్నారు కూడా.

నెలలో సగం రోజులు సముద్రం మీద చమురు రిగ్గులో ఉంటాడు, సగం రోజులు ఇంట్లో. వచ్చిన రోజు పండగలా ఉంటుంది, నిజంగానే ఉంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి, అతని మెడ దగ్గర ఉప్పూ డీజిలూ కలిసిన వాసన నాకు ఇప్పటికీ ఇష్టమే. రెండో రోజో మూడో రోజో మొదలవుతుంది. మొదట దురద, తర్వాత వాపు, తర్వాత మూత్రానికి వెళ్ళాలంటే గోడ పట్టుకోవాలి. పెరుగు విరిగినట్టు తెల్లగా. పెళ్ళయిన కొత్తలో వచ్చినప్పుడు ఎవరికైనా వచ్చేదే అనుకున్నాను, ట్యూబు కొనుక్కున్నాను, తగ్గింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. నూలు లోదుస్తులన్నారు, నూలువే. పంచదార మానమన్నారు, మానేశాను, కార్నివాల్ రోజుల్లో నేను పనిచేసే షాపు నిండా కింగ్ కేకులుంటే ముక్క ముట్టకుండా చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ బతికుంటే వెల్లుల్లి అనేది, వెనిగర్ అనేది, "మగాళ్ళ ముందు ఎత్తకే" అనేది. క్లోవిస్‌కి మాత్రం చెప్పాల్సి వస్తుంది, పక్క మీద చెయ్యి తోసెయ్యాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. ఓర్చుకుని ఓర్చుకుని మూడోరోజు చెబుతాను. అతనికది ఎలా వినబడుతుందో నాకిప్పుడు తెలుసు. నేను సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ నీకు బాగానే ఉంటుంది, నేనొచ్చేసరికి రోగం. అంటే నేను లేనప్పుడు ఎవడో అంటించాడు. లెక్క సరిపోయింది. వాళ్ళమ్మ యూలా ఆ లెక్కకి గీత గీసి కూడిక చేసి పెట్టింది. "మా రోజుల్లో కట్టుకున్నవాడు ఒక్కడే ఉంటే ఒంటికి ఏ రోగాలూ వచ్చేవి కావమ్మా" అంది, గిన్నెలు కడుగుతూ, నా వైపు తిరగకుండా. ఆవిడ మంచిదే. నాకు జ్వరమొస్తే సూపు కాచి తెస్తుంది. ఆ మాట అన్న సాయంత్రం కూడా తెచ్చింది.

మొన్న మంగళవారం మళ్ళీ మొదలైంది. చెప్పకుండా దాచాను. దాచలేకపోయాను.

ట్రక్కు ముందుకి జరిగింది, మళ్ళీ ఆగింది. ఎదురుగా మంచులోంచి ఒక పెలికన్ పక్షి వచ్చి గోడ మీద వాలి, మమ్మల్ని చూసి, బొత్తిగా నచ్చనట్టు మళ్ళీ మంచులోకి దూకేసింది. క్లోవిస్ దవడ కదులుతోంది, లోపల ఏదో నములుతున్నట్టు. ఒకప్పుడు ఇదే దవడ మీద ముద్దు పెట్టుకునేదాన్ని. నేను డాక్టర్ ఆర్సెనో గదిని తలుచుకుంటాను, తెల్లారి నుంచీ ఆ గదినే తలుచుకుంటున్నాను, మునిగిపోయేవాడు దుంగని తలుచుకున్నట్టు. ఆవిడ పొట్టిగా ఉంటుంది, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దాని కోసం బల్లంతా వెతుక్కుంటుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు నేనే మొదలెట్టాను, నా ఒంట్లో శక్తి లేదు డాక్టర్, రోగాన్ని ఆపే శక్తి తక్కువ, విటమిన్లు మింగుతున్నాను, అయినా ఆగట్లేదు అని. ఆవిడ నవ్వలేదు. "మీకు తోడుగా ఎవరినైనా తీసుకురండి, ఈ బాధ ఎప్పుడూ పడని మనిషిని. మా పరీక్షలకి అలాంటివాళ్ళు కావాలి" అంది. లుర్లీన్‌ని తీసుకెళ్ళాను. మేమిద్దరం కార్నివాల్ ఊరేగింపులకి బట్టలు కుట్టే షాపులో పక్కపక్క మిషన్ల మీద పనిచేస్తాం, రోజంతా తళుకులూ ఈకలూ, రోజంతా కూర్చునే పని. నేను కుర్చీలో మెలికలు తిరుగుతుంటే, "ఏమే, కుర్చీలో చీమలున్నాయా, నీలో ఉన్నాయా?" అని అడిగింది ఒక్క లుర్లీనే. ఆ రోజు డాక్టర్ ముందు కూడా ఊరుకోలేదు. "నా దాంట్లో ఏముంటుంది డాక్టరమ్మా, ముగ్గురు మొగుళ్ళు వెతికారు, ఎవడికీ ఏమీ దొరకలేదు" అంది. డాక్టర్ కళ్ళజోడు నెత్తి మీదనుంచి జారిపోయింది నవ్వుకి.

తర్వాత ఆవిడ తెర మీద చూపించింది. ఇది మీ స్నేహితురాలిది అంది. కొమ్మలూ మొగ్గలూ వేసినట్టు సన్నటి తీగలు, అక్కడక్కడ గుండ్రటి పూసలు. అదే ఈస్ట్, నాకు మంట పెట్టే బూజు. లుర్లీన్‌లో! "అయ్యో, నాకూ ఉందా?" అని లుర్లీన్ కుర్చీలోంచి లేచింది. "ఉంది. ఈమెకంటే మీకే ఎక్కువ ఉంది. చాలామంది ఆడవాళ్ళలో ఊరికే ఉంటుంది, ఎవరి నుంచీ అంటుకోనక్కర్లేదు, ఎవరినీ ఏమీ అనదు. ఒక మూల బతుకుతుంది." తర్వాత నాది పెట్టింది. తీగలు తక్కువే. కానీ వాటి చుట్టూ, వాటి మీదా, సందు లేకుండా, ముద్దలు ముద్దలుగా గుండ్రటి కణాలు కిక్కిరిసి ఉన్నాయి, తిరునాళ్ళలో జనంలా. అవి ఏమిటని అడిగాను, రోగం అవేనా? "కాదు. అవి మీవే. తెల్లకణాలు. కాపలావాళ్ళు. మీ ఒంట్లో శక్తి తక్కువై కాదు ఒనీలియా, రక్తంలో అంతా సరిగ్గానే ఉంది. అక్కడ, ఆ ఒక్కచోట, మీ ఒళ్ళు మరీ తొందరపడుతోంది. ఈస్ట్‌ని చూసి పొరలోని కణాలు కేక వేస్తున్నాయి. ఇవి పరుగెత్తుకొస్తున్నాయి. వచ్చి ఈస్ట్‌ని చంపలేకపోతున్నాయి. ఆ మంటా, ఆ వాపూ, ఆ ఎర్రదనం, ఇవి చేస్తున్నవే." మరి ఎందుకొస్తున్నాయి, చంపలేనప్పుడు? ఆవిడ భుజాలు ఎగరేసింది. "ఎందుకో కొందరిలో అలా కాపలా కాస్తాయి. మేమూ అదే వెతుకుతున్నాం." వారానికో మాత్ర ఇచ్చింది, ఆర్నెల్లు వేసుకోమంది. వేసుకున్నన్నాళ్ళూ బాగుంది. ఆపిన నెలకే తిరిగొచ్చింది. ఇవాళ కొత్త మందు గురించి మాట్లాడదాం అంది, ఈస్ట్‌ని కాదు, ఈ పరుగెత్తుకొచ్చేవాటిని శాంతపరిచేది ఉందేమో చూద్దాం అంది. ఆ తెర చూసిన రోజు బయటికొస్తూ ఎలివేటర్లో ఏడ్చాను. లుర్లీన్ నా వీపు రాస్తూ, "ఏడవకే, నీ ఈస్ట్ పాపం బుద్ధిమంతురాలు, నీ పోలీసులే పిచ్చోళ్ళు" అంది.

ఇదంతా క్లోవిస్‌కి నేను చెప్పాను. కిందటిసారి అతను ఇంటికొచ్చినప్పుడు వంటింట్లో నిలబెట్టి, చేతులు తిప్పుతూ, డాక్టర్ చెప్పినట్టే చెప్పాను. చివరిదాకా విన్నాడు. "అంటే ఎవడూ రాలేదంటావు" అన్నాడు. ఎవరూ రాలేదు క్లోవిస్. "నీకు నువ్వే పుట్టించుకున్నావు." పుట్టించుకోవడం కాదు. "మరి నేనుంటేనే ఎందుకొస్తుంది?" నువ్వొచ్చినప్పుడు మనం కలుస్తాం, ఆ రాపిడికి అక్కడ కదులుతుంది, అంతే, డాక్టర్ చెప్పింది. అతని మొహం అప్పుడు ఒక్క క్షణం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది, దెబ్బ పడబోతోందని ఎదురుచూసే పిల్లాడిలా. "అంటే నేనే రోగం" అన్నాడు. ఆ మాటకి నేను పరుగెత్తి పట్టుకోవాల్సింది, కాదని చెప్పాల్సింది, చెప్పాను కూడా, చాలాసార్లు చెప్పాను, కానీ అప్పటికే అతను తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు, అక్కడ చీకటి పడేదాకా పడవ మోటారు విప్పుతూ కూర్చున్నాడు. తను రోగం కాకుండా ఉండాలంటే ఇంకెవడో కావాలి. అతనికి అప్పటినుంచీ ఒక మనిషి కావాల్సొచ్చాడు.

క్వాంగ్ దొరికాడు. మందులషాపు క్వాంగ్, యాభై దాటినవాడు, భార్య తువాన్ అదే షాపులో క్యాష్ దగ్గర కూర్చుంటుంది, ముగ్గురు ఆడపిల్లలు. మొదటి ఏడాది నేను ట్యూబులు కొనడానికి వెళ్ళి దగ్గుమందూ టూత్‌పేస్టూ కూడా తీసుకుని వాటి కింద దాచేదాన్ని. ఒకరోజు అతను కౌంటర్ మీదికి వంగి నెమ్మదిగా, "ఇన్నిసార్లు వస్తోందంటే ఇది ట్యూబుకి లొంగేది కాదమ్మా. అవతలి ఒడ్డున ఒక డాక్టరుంది, ఇదే పని మీద ఉంది" అని చెప్పాడు. నాకు ఆర్సెనో పేరు చెప్పింది అతనే. అతను నాతో మాట్లాడినప్పుడల్లా కళ్ళు నా మొహం మీదే ఉంచుతాడు, కింద చూడడు, అటూ ఇటూ చూడడు, అందుకే అతని దగ్గర నాకు సిగ్గుండేది కాదు. శనివారాలు తువాన్ చేసిన రొట్టెలు ఇస్తాడు. డిసెంబరులో ఒకరోజు షాపు బయట ఏదో అన్నాడు, నేను గట్టిగా నవ్వాను, ఏమన్నాడో గుర్తుకు రావట్లేదు, ఎంత తలుచుకున్నా రావట్లేదు. ట్రక్కులో కూర్చుని క్లోవిస్ చూశాడు. రాత్రి దీపం ఆర్పాక అన్నాడు, "నాతో ఉన్నప్పుడు అలా నవ్వి ఎన్నాళ్ళయింది?"

కార్లు ఆగిపోయాయి. ఈసారి ఆగడం వేరుగా ఉంది. ముందెక్కడో ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, దాని వెనక హారన్లు, తర్వాత ఏమీ లేదు. ఎర్రమరకలు కదలడం మానేశాయి. క్లోవిస్ ఇంజన్ ఆపేశాడు. సీటు వేడి ఆగింది, ఆ ఒక్కదానికీ ప్రాణం లేచొచ్చింది. వెంటనే నిశ్శబ్దం కమ్మేసింది, వంతెన స్తంభాలకి నీళ్ళు తగులుతున్న చప్పుడు కింద చప్పరిస్తున్నట్టుంది. టోపీ తీసి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు. చెయ్యి కనబడింది. పొద్దున చూసినదానికి రెండింతలుంది. చిటికెన వేలు పక్కకి తిరిగి ఉంది.

"ఆస్పత్రిలో చూపించుకోవాలి క్లోవిస్, విరిగింది."

"చూపించుకుంటాం. అక్కడికేగా వెళ్తున్నాం." కిటికీ వైపు చూస్తూ అన్నాడు. తర్వాత వాతావరణం గురించి చెబుతున్నట్టు, "క్వాంగ్ ఇంక నీకు ట్యూబులు అమ్మడు" అన్నాడు.

సీటులో అతని వైపు తిరిగాను.

"ఏం చేశావు?"

"అడిగాను. మగాడిలా వెళ్ళి అడిగాను. పొద్దున్నే సరుకు దింపుకోడానికొస్తాడు కదా, ఒక్కడే. షాపు వెనక. నా పెళ్ళాంతో నీకేంటని అడిగాను. 'రోగుల సంగతులు నేను చెప్పకూడదు సార్' అన్నాడు. సార్ అన్నాడు, చూడు. నీ సంగతులు నాకు చెప్పకూడదట, వాడికి తెలుసట, నాకు చెప్పకూడదట."

"క్లోవిస్."

"మళ్ళీ అడిగాను."

"లేచాడా? కొట్టాక లేచాడా?"

స్టీరింగు మీద వేలితో గీతలు గీస్తున్నాడు. "నేనొచ్చేటప్పటికి లేవలేదు."

షాపు తొమ్మిదింటికి తెరుస్తారు. తువాన్ ముందు తలుపు తీసుకుని లోపలికొస్తుంది, దీపాలు వేస్తుంది, క్యాష్ దగ్గర కూర్చుంటుంది, వెనక సరుకు సర్దుకుంటున్నాడనుకుంటుంది. ఎంతసేపు అనుకుంటుంది? చెత్తడబ్బాల వెనక ఈ మంచులో మనిషి పడి ఉంటే పక్కనుంచి నడిచినా కనబడడు. నేను స్నానాలగదిలో చల్లటి గుడ్డ పెట్టుకుని కూర్చున్నంతసేపూ, ఏ లంగా వేసుకుంటే ఒరుసుకోదా అని ఒక్కొక్కటే తీసి చూసినంతసేపూ, ఆ మనిషి అక్కడ పడి ఉన్నాడు. నోరు మూసుకున్నందుకు పడి ఉన్నాడు. క్లోవిస్ ఇంకా మాట్లాడుతున్నాడు, గొంతు పెరగట్లేదు, అదే నాకు భయం. "ఇప్పుడా డాక్టరమ్మ చెప్పనీ. ఎవడో అంటించాడంటే సరే. వాడికి తగిన శాస్తి జరిగింది, ఇంటికెళ్ళిపోదాం, నేను నిన్నేమీ అనను, ఒట్టు. ఎవడూ లేడని మాత్రం నా మొహం మీద చెప్పొద్దు. ఇప్పుడు చెప్పొద్దు." విరిగిన చేతిని ఎడమచేత్తో ఎత్తి తొడ మీద సరిగ్గా పెట్టుకున్నాడు, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. నేనా పొట్టి డాక్టరమ్మని కళ్ళ ముందు చూస్తున్నాను, నెత్తి మీద కళ్ళజోడు, తెర వైపు వేలు చూపిస్తూ, మీవారు కూడా చూడొచ్చు రండి అంటూ, బుద్ధిగా, ఓపిగ్గా, ఎవరూ లేరండీ, ఎవరూ రాలేదు అంటూ. ఆవిడ గది నడవా చివర్న ఉంటుంది. తలుపు వేసే ఉంటుంది, మా లాంటివాళ్ళకి సిగ్గుగా ఉంటుందని. ఈ దారి అంతా అక్కడికే పోతోంది, మధ్యలో ఎక్కడా తిరిగే చోటు లేదు.

"నేను దిగుతాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, చుట్టూ నీళ్ళు. కూర్చోలేకపోతున్నాను క్లోవిస్. మండిపోతోంది. అక్కడ." ఎప్పుడూ 'ఒంట్లో బాలేదు' అనేదాన్ని. ఈసారి మొత్తం చెప్పాను. వాచి రెండు పక్కలా పగిలిందని, కూర్చుంటే తోలు లాగుతోందని, గుడ్డకి అంటుకుంటోందని, తెల్లగా కారుతోందని. ఒక్కొక్క మాటకీ అతని మొహం కిటికీ వైపు తిరుగుతోంది, మనిషిని నేలమీద పడేసినవాడు ఈ మాటలు వినలేకపోతున్నాడు. "ఆపు, ఆపవే తల్లీ" అన్నాడు. తలుపుల తాళం టక్కుమంది. "ఇక్కడే నిలబడు. నాకు కనబడాలి."

కనబడేలానే నిలబడ్డాను మొదట. గోడ పట్టుకుని, కాళ్ళు ఎడంగా, లంగాలోకి చల్లగాలి వచ్చింది, దేవుడా ఎంత హాయి, ఇంత భయంలోనూ ఒళ్ళు తన హాయి తాను తీసుకుంటుంది. అద్దంలోంచి అతను చూస్తున్నాడు. ఒక అడుగు ముందుకేశాను, నడుం విదిలించుకుంటున్నట్టు. ఇంకో అడుగు. ముందు కారు పక్కకొచ్చాను, అందులో ముసలాయన నిద్రపోతున్నాడు నోరు తెరుచుకుని. దాని ముందు కారులో ఎవరో అమ్మాయి కళ్ళకి కాటుక దిద్దుకుంటోంది. వెనక్కి తిరిగితే మా ట్రక్కు లేదు. రెండు పసుపు మరకలున్నాయి, అవి ఎవరివైనా కావచ్చు. అప్పుడు నడిచాను. పరుగెత్తలేను, ఒరుసుకుంటుంది, అడుగు అడుగుకీ గాజుపెంకు మీద కూర్చుని లేస్తున్నట్టుంది, కాళ్ళు ఎడం చేసుకుని కార్లకీ గోడకీ మధ్య సందులో బాతులా నడిచాను. ఎవరో అద్దం దించి "ఏమ్మా, ముందేమైంది, చాలాసేపు పడుతుందా?" అని అడిగారు, తెలీదన్నాను. వెనకనుంచి తలుపు వేసిన చప్పుడు. మా ట్రక్కు తలుపు చప్పుడు నాకు తెలుసు, దాని కీలు వదులు. "షా!" అని పిలిచాడు. ఆ గొంతులో కోపం లేదు. తప్పిపోయిన పిల్లని సంతలో పిలిచినట్టు పిలుస్తున్నాడు. "షా, ఎక్కడున్నావు? పడిపోతావు, రా!" మంచులో గొంతు ఎటునుంచొస్తుందో తెలీదు, ఒకసారి వెనకనుంచి, ఒకసారి నీళ్ళ మీదనుంచి, ఒకసారి నా ముందునుంచే వచ్చినట్టుంది. ఒక్క క్షణం నా కాళ్ళు ఆగాయి. ఇన్నేళ్ళూ ఆ పిలుపుకి తిరిగిన మెడ, తనంతట తాను తిరగబోయింది. నేను గోడ మీద చెయ్యి ఆనించి, చేతికి తగిలిన గరుకునే నమ్ముకుని, నీలం వెలుగు వైపు నడిచాను.

పోలీసు నడివయసు మనిషి, చొక్కా మీద ట్రెపానియే అని ఉంది. కారు బయట నిలబడి ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటున్నాడు. "మేడమ్, కారు దిగకూడదు, వెనక్కి వెళ్ళండి" అన్నాడు. మా ఊరు మాండెవిల్లో మందులషాపు వెనక ఒక మనిషి పడి ఉన్నాడు, చెత్తడబ్బాల దగ్గర, తెల్లారినప్పటినుంచీ, పంపించండి ఎవరినైనా, ఇప్పుడే పంపించండి అన్నాను. ఎవరు కొట్టారు? నా మొగుడు. ఎక్కడున్నాడు? నేను వెనక్కి చెయ్యి చూపించాను. "షా!" అని వినబడింది, దగ్గర్లో. ట్రెపానియే ఆ గొంతు విన్నాడు, నా మొహం చూశాడు, కాఫీ నేలమీద పారబోసి నన్ను ముందు సీటులోకి ఎక్కించి తాళం వేశాడు. రేడియోలో మాట్లాడుతూనే మంచులోకి నడిచాడు. అద్దంలోంచి ఏమీ కనబడలేదు. నీలం వెలుగు తిరిగినప్పుడల్లా ఇద్దరు మనుషుల నీడలు వచ్చాయి, పోయాయి, దగ్గరయ్యాయి. ముందు ప్రమాదం జరిగిన చోటినుంచి ఇంకో పోలీసు పరుగెత్తుకొచ్చాడు, అప్పుడు మూడు నీడలు. క్లోవిస్ పెనుగులాడతాడని కళ్ళు మూసుకున్నాను. అరుపు వినబడింది, ఒక్కటే, విరిగిన చెయ్యి వెనక్కి తిప్పినప్పుడు వచ్చిన అరుపు. నా చెయ్యే విరిచినట్టు ఒళ్ళు జలదరించింది. అది కూడా నిజమే, నేనేం చెయ్యను.

క్లోవిస్‌ని రెండో పోలీసుకి అప్పగించి ట్రెపానియే తిరిగొచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయాసపడుతున్నాడు. రేడియో గరగరలాడింది, ఆడగొంతు ఏదో చెప్పింది, నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. "దొరికాడట" అన్నాడతను. "వాళ్ళావిడ అప్పటికే చూసింది. ప్రాణం ఉంది. కళ్ళు తెరిచాడట గానీ మాట్లాడటం లేదట. అంబులెన్స్ ఎక్కించారు." తువాన్ రొట్టెలు చేసే చేతులతో అతని తల పట్టుకుని ఆ తడినేల మీద కూర్చున్నది నాకు కనబడింది. ఆవిడ నన్ను ఇంక చూడదు. చూసినా, ఏ మొహంతో చూస్తుంది, నేనే మొహంతో వెళ్తాను, మాట్లాడకపోతే ఎలా, ఆ మనిషి మళ్ళీ మాట్లాడకపోతే.

"ఆయనకీ మీకూ..." ట్రెపానియే ఆగాడు, మర్యాదగా. "అంటే, గొడవ దేనికి మేడమ్? రేపు కోర్టులో ఎలాగూ అడుగుతారు."

అతని వైపు చూశాను. మా అన్న వయసుంటుంది. చెంప మీద గడ్డం గీసుకున్న చోట కోసుకుపోయి ఉంది. ఈ మాట ఇంతవరకూ కౌంటర్ మీదికి వంగి చెప్పాను, దీపం ఆర్పాక చెప్పాను, టూత్‌పేస్టు కింద దాచి చెప్పాను. ఇప్పుడు మోకాలునొప్పి గురించి చెబుతున్నట్టు చెప్పాను. యోనిలో ఈస్ట్ వస్తుందండీ నాకు, ఏళ్ళుగా, తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఎవరి దగ్గర్నుంచీ రాదు. మా ఆయన ఎవరో తెచ్చారనుకున్నాడు. ఆ మందులషాపాయన నాకు మందు ఇచ్చేవాడు.

అతను తెలిసీ తెలియనట్టు చెవి వెనక గోక్కున్నాడు.

"దానికా?"

"దానికే."

బయట ఎవరో ఇంజన్ స్టార్ట్ చేశారు, తర్వాత ఇంకెవరో, వెనక వరుసంతా ఒక్కొక్కటే మేలుకుంటున్న చప్పుడు. దారి తీశారట. అతను గేరు వెయ్యబోయి ఆగి, "మిమ్మల్ని ఎక్కడ దించమంటారు? మీ వాళ్ళెవరైనా ఉన్నారా ఆ పక్క?" అన్నాడు.

"డాక్టర్ దగ్గర దించండి" అన్నాను. "పదింటికి రమ్మంది. నాకింకా మంట తగ్గలేదు."